నీరటి దుర్గయ్య కాలి ముల్లు

నీరటి దుర్గయ్య పెద్దగా నోరున్న మనిషి కాదు. పొద్దున్నే పార భుజాన వేసుకుని కంచెపల్లి చెరువు కిందికి పోయేవాడు. ఏ మడికి ఎన్ని నీళ్లు రావాలో అన్నీ పెట్టి, పొద్దుగూకాక ఇంటికి వచ్చేవాడు. ఎవరితో తగవు లేదు, ఎవరి మీదా చాడీ లేదు. ఒక్క తన అరికాళ్ల మాట వస్తే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

నలభై ఏళ్లుగా గట్ల మీదా, కంచెల్లోనూ, రాళ్లలోనూ తిరిగిన కాళ్లవి. చెప్పు ముఖం ఎరగవు. అడుగున తోలు దున్నపోతు మెడలా మందంగా, నల్లగా, నెర్రెలు విచ్చి ఉండేది. "నా కాలికి ముల్లు దిగాలంటే అది ముందుగాల కమ్మరి కొలిమికాడికి పొయ్యి సాన పట్టించుకొని రావాలె" అనేవాడు. భార్య ఉప్పలమ్మ మోజుపడి సూర్యాపేట సంతలో కిర్రుచెప్పులు కొనుక్కొస్తే, వాటిని దూలానికి వేలాడగట్టి, ఎలుకలకు ఉయ్యాల కట్టానని ఊరంతా చెప్పాడు. ఊరు కూడా నమ్మింది. దుర్గయ్య కాలికి ముల్లు దిగదన్నది కంచెపల్లిలో పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత ఖరారైన సంగతి.

ఇదంతా నలభై తొమ్మిదో సంవత్సరం వేసవి దాకా. అంతకు ముందటి ఏడు గడబిడల్లో దొర గడీ తగలబడి, దాంతోపాటు పట్వారి దస్తరాలన్నీ బూడిదయ్యాయి. కొత్త సర్కారు వచ్చింది. మిర్యాలగూడ నుంచి భూముల లెక్క చూసే గిర్దావరు సోమవారం వస్తాడనీ, ఊరి హద్దురాళ్లు పాతిస్తాడనీ కబురు వచ్చింది. రాళ్లు పాతడానికి మనుషులున్నారు, గడ్డపారలున్నాయి. ఎక్కడ పాతాలో చెప్పే కాగితమే లేదు.

కంచెపల్లికి పడమట బిచ్చాతండా. రెంటికీ నడుమ వాగు. ఎండాకాలం వచ్చిందంటే ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు గానీ, ఒక వంపు దగ్గర బండ కింద తోడితే చెలిమలో తియ్యటి నీళ్లు ఊరతాయి. ఊళ్లో బావులు ఉప్పన. తండాలో అసలు బావే లేదు. తాతల నాటి నుంచి ఇటు ఆడవాళ్లూ అటు ఆడవాళ్లూ ఆ చెలిమలోనే ముంచుకున్నారు. గిర్దావరు వస్తున్నాడనగానే మగవాళ్లకు ఉన్నట్టుండి చెలిమ ఎవరిదో తేల్చుకోవాలన్న జ్ఞానం పుట్టుకొచ్చింది.

కాగితం లేనప్పుడు ఆ ప్రాంతంలో పాత పద్ధతి ఒకటుండేది. హద్దు తెలిసిన మనిషి కన్నతల్లి మీద ఒట్టేసి, హద్దు మన్ను నింపిన కుండ నెత్తిన పెట్టుకుని, ఈ కొసరాయి నుంచి ఆ కొసరాయి దాకా నడవాలి. నడుమ ఆగకూడదు, వంగకూడదు, నోరు తెరవకూడదు, వెనక్కి చూడకూడదు. వెనకాల ఇద్దరు ముగ్గు పోసుకుంటూ వస్తారు. అతను నడిచిందే హద్దు. ఇంక దాని మీద ఎవరూ మాట్లాడడానికి లేదు.

కంచెపల్లిలో ఆ నడక దుర్గయ్య ఇంటివాళ్లది. తాత నడిచాడు, తండ్రి నడిచాడు. తండ్రితో కలిసి ఎన్నోసార్లు తిరిగిన గీత దుర్గయ్యకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఆ గీత ప్రకారం చెలిమ ఊరి దిక్కుకే వస్తుంది. ఆ సంగతి తండా నాయక్ ధర్మాకు కూడా లోలోపల తెలుసు. అయినా, "దుర్గయ్య అబద్ధం నడువడు, నడువనియ్యి" అని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మాటతో దుర్గయ్య ఛాతీ జానెడు పొంగింది.

గురువారం పొద్దున కుండ నెత్తికెత్తారు. ఇటు ఊరి పెద్ద రామనర్సయ్య పటేలు, అటు ధర్మా నాయక్, వాళ్ల వెనక రెండు ఊళ్ల జనం. దుర్గయ్య పెళ్లికొడుకులా బయలుదేరాడు. పల్లేరు మీద నడిచాడు, రేగుకంప మీద నడిచాడు. జనం "అబ్బ, ఏం కాళ్లురా" అంటుంటే నోరు విప్పకూడదు కాబట్టి మీసాల్లోనే నవ్వుకున్నాడు.

వాగు ఒడ్డున ఈతచెట్లు. వాటి కింద ఎప్పుడో విరిగిపడిన ఎండు మట్ట ఒకటి ఇసుకలో కూరుకుని ఉంది. దుర్గయ్య కుడికాలు సరిగ్గా దాని మీద పడింది.

ఈతముల్లు అంటే ఏమిటో తెలియనివాళ్లు అదృష్టవంతులు. దుర్గయ్యకు కాలి నుంచి మాడు దాకా మెరుపు మెరిసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అమ్మా అని అరిస్తే ఒట్టు తప్పినట్టే. పళ్లు బిగించాడు, కుండ పట్టుకున్నాడు, నడిచాడు. తాను సూటిగానే నడుస్తున్నానని అనుకున్నాడు. కానీ నొచ్చిన కాలు యజమాని మాట వినదు. ఎటు ఇసుక మెత్తగా ఉంటే అటు పోతుంది.

కొసరాయి దగ్గర కుండ దించి, వెనక్కి తిరిగి చూశాడు. అంతదాకా తాడు పట్టినట్టు వచ్చిన ముగ్గుగీత వాగులో దిగగానే ఊరివైపు కొడవలిలా వంగి, చెలిమను తీసుకెళ్లి తండా ఒళ్లో పెట్టి, ఆ పైన ఏమీ ఎరగనట్టు మళ్లీ దారికొచ్చింది.

"ఏంరా దుర్గిగా!" రామనర్సయ్య ముఖం ఎర్రబడింది. "తండోళ్లు మేక ఇస్తమన్నరా, దున్న ఇస్తమన్నరా?"

"అయ్యో పటేలా, అది హద్దు గాదు. నాకు ముల్లిరిగింది. ఈతముల్లు."

ఊరూ తండా కలిసి నవ్వాయి. అన్నేళ్లలో ఆ రెండూ కలిసి చేసిన పని బహుశా అదొక్కటే.

"నీ కాలికా? ముల్లా?" అన్నాడు రామనర్సయ్య. "కొలిమికాడ సాన పట్టించుకొని వచ్చిందా?"

దుర్గయ్య బండ మీద కూర్చుని కాలెత్తి చూపించాడు. జనం వంగి చూశారు. నెర్రెలే తప్ప ముల్లు కనిపించలేదు. నెత్తురు చుక్క కూడా లేదు. ఆ తోలు ముల్లును మింగేసి నోరు మూసుకుంది.

అప్పుడు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. నడిచేవాడికి నడకలో దెబ్బ తగిలితే ఆ నడక చెల్లదు, దెబ్బ తగిలిన చోటు నుంచి మళ్లీ నడవాలి. కానీ దెబ్బ కళ్లకు కనపడాలి. ఆదివారం పొద్దుగూకేలోపు రెండు ఊళ్ల పెద్దల ముందు ముల్లు బయటికి రావాలి. రాకపోతే గీసిన గీతే హద్దు, దుర్గయ్య ఒట్టు తప్పినవాడు, ఇక ఆ ఇంటివాళ్లు కుండ ముట్టడానికి లేదు.

ఈ తీర్పు అయిన నిమిషంలోనే లోకం తలకిందులైంది. అప్పటిదాకా ముల్లు లేదన్న రామనర్సయ్యకు, ముల్లుంటేనే చెలిమ దక్కుతుందని తట్టింది. "పాపం, కాలు వాసింది సూడుర్రి, ముల్లు లేకుంట ఎట్ల వాస్తది?" అని దుర్గయ్య భుజం మీద చెయ్యేశాడు. ధర్మా నాయక్‌కు కూడా ఏదో తట్టింది. "గసొంటి కాలికి ముల్లెట్ల దిగుతది పటేల్? కంచెపల్లి మొత్తంల గట్టి కాళ్లు దుర్గయ్యయే" అని పొగడడం మొదలుపెట్టాడు. దుర్గయ్యను జీవితంలో ఎవరూ అంతగా పొగడలేదు. వింటుంటే ఏడుపొచ్చింది.

శుక్రవారం నుంచి దుర్గయ్య ఇల్లు తిరునాళ్లయింది. ఊళ్లో ప్రతి ఇంటికీ ముల్లు తీసే విద్య ఒకటి ఉన్నట్టు బయటపడింది. ఒకరు బెల్లమూ సున్నమూ నూరి పట్టు వేశారు. ఒకరు జిల్లేడుపాలు పిండారు. ఒకరు ఉల్లిగడ్డ కుమ్ములో కాల్చి, పొగలు కక్కుతుండగానే కట్టారు. ముల్లును ముల్లుతోనే తీయాలని సామెత చెప్పినవాడు తుమ్మముల్లు తెచ్చి గెలికి, దాని మొన కూడా లోపలే విరగ్గొట్టాడు. మడమ దగ్గర నొప్పి అని దుర్గయ్య చెబుతుంటే అందరూ మడమనే తవ్వారు. శనివారం సాయంత్రానికి మడమలో గుంట పడింది గానీ ముల్లు మాత్రం రాలేదు.

"బండి కట్టుర్రి, కోదాడ దవాఖానకు తీస్కపోదాం" అన్నాడు రామనర్సయ్య.

"తీస్కపొండ్రి" అన్నాడు గుమ్మం బయట కాపలా కూర్చున్న ధర్మా. "గాడ తీసిన ముల్లు మాకెట్ల కనవడ్తది? వచ్చేటప్పుడు తొవ్వల ఏరుకొస్తే?"

ఆ రాత్రి దుర్గయ్య ఉప్పలమ్మతో అన్నాడు: "నలభై ఏండ్లు నాకు ముల్లు దిగదంటె అందరు నమ్మిండ్రే. దిగింది అంటె ఒక్కడు నమ్ముతలేడు. మా నాయిన, మా తాత నడిచి నిలబెట్టిన మాట గీ నా చేతుల పోతున్నది."

ఉప్పలమ్మ మొగుణ్ని దెప్పడానికి వచ్చిన అవకాశాన్ని వదిలే మనిషి కాదు. కానీ ఆ పూట దెప్పలేదు. "పండుకో" అని మాత్రం అంది.

ఆదివారం తెల్లవారగానే బిందె తీసుకుని చెలిమకు పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనకాల ఖాళీ బిందెతో నీలా ఉంది. నీలా ధర్మా నాయక్ కోడలు. పాతికేళ్ల పిల్ల, అద్దాల రవిక, మోచేతుల దాకా గాజులు. కంచెలో తిరిగే తండా జనానికీ గొడ్లకూ ముల్లు విరిగితే తీసేది ఆమే. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆమెను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తన నీళ్లు తానే పోగొట్టుకోవడానికి ఎవరు వస్తారు?

"ఉన్నదున్నట్టు అడిగిన బిడ్డను" అంది ఉప్పలమ్మ మొగుడితో. "ముల్లు ఎల్తే నీ నీళ్లు పోతయి, నాకు ఎరుకే. ఎల్లకుంటె నా ఇంటి మాట పోతది. ఇగ నీ ఇష్టం అని జెప్పిన."

నీలా కింద కూర్చుంది. దుర్గయ్య కాలు ఒళ్లో పెట్టుకుని చూసింది. మడమలో గుంట చూసి, "ఎవలు తవ్విండ్రు తాతా, నాగలి గట్టిండ్రా?" అంది.

ఈలోపు ధర్మా కోపంతో ఊగిపోతూ వచ్చాడు, ఆయన వెనక రామనర్సయ్య, ఆ వెనక జనం. ధర్మా కోడల్ని తమ లంబాడీ మాటలో ఏవేవో అన్నాడు. నీలా తల ఎత్తలేదు. పొయ్యిలో బూడిద తెమ్మని ఉప్పలమ్మను అడిగి, వాకిట్లో మనిషి పొడవున పలుచగా పరిచి, నీళ్లు చిలకరించింది.

"లేసి నడువు తాతా. నొయ్యనియ్యి, మంచిగ నడువు."

దుర్గయ్య గోడ పట్టుకుని లేచి, ఆ తడిబూడిద మీద నాలుగడుగులు వేశాడు. నీలా వంగి అడుగులు చూసింది. జనం కూడా వంగి చూశారు. మడమ గుర్తు నిండుగా పడింది. బొటనవేలు పడింది. చిటికెనవేలి కింద మాత్రం బూడిద చెదరకుండా ఉంది.

"కాలుకు ఎరుక ముల్లు ఏడున్నదో" అంది నీలా. "తాతకే ఎరుక లేదు. తోలు గింత మందముంటె నొప్పి యాడ పుట్టిందో యాడ తెలుస్తది? చిటికెనేలు కింద ఉన్నది. దాన్ని నేల మీద ఆననిస్తలేడు సూడు."

రెండు రోజులు ఊరంతా కలిసి ముల్లు లేని చోట తవ్వింది. రామనర్సయ్య మడమ గుంట వైపు చూసి, దగ్గి, కండువా సర్దుకున్నాడు.

అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా నీలా తొందరపడలేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కాలు నానబెట్టింది. నానిన తోలును మంగలికత్తితో పొరపొరగా చెక్కింది. మళ్లీ నానబెట్టింది, మళ్లీ చెక్కింది. నలభై ఏళ్ల గొప్ప దుర్గయ్య కళ్ల ముందే ఉల్లిపొరల్లా వాకిట్లో రాలింది. నాలుగోసారి చెక్కాక, లేత గులాబీ రంగు చర్మం కింద నల్లటి చుక్క కనపడింది.

"ఉన్నది!" అని రామనర్సయ్య ఎగిరి గంతేశాడు.

ధర్మా కళ్లు మూసుకున్నాడు. నీలా చెయ్యి ఆగింది. ఆమె ఒక్కసారి గుమ్మంలో ఉన్న తన బిందె వైపు చూడడం దుర్గయ్య చూశాడు. ఆ నిమిషంలో ఆమె "ఇది పుట్టుమచ్చ" అంటే, కాదనగలిగేవాడు వాకిట్లో ఎవడూ లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అద్దాలు కుట్టే సూది రవికకు గుచ్చుకుని ఉంది. అది తీసి, దీపం మీద కాల్చి, చుక్క పక్కన దించి, పైకి లేపింది. రెండు గోళ్లతో పట్టి మెల్లగా లాగింది. వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. చూపుడువేలి రెండు కణుపులంత ఈతముల్లు. దాని వెనకే ఇంత చీమూ, నెత్తురూ. దుర్గయ్యకు ముల్లు దిగినప్పుడు బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు.

నీలా ముల్లును ముందు తన మామ అరచేతిలో పెట్టింది.

"ముల్లు గాదు, మన నీళ్లు పీకినవు పిల్లా" అన్నాడు ధర్మా.

"ఉన్న ముల్లును లేదని ఎట్లంట మామా? నువ్వు జెప్పు, అంటవా?"

ధర్మా ఆ ముల్లును అటూ ఇటూ తిప్పి చూశాడు. పెద్ద నిట్టూర్పు విడిచాడు. "ఉన్నది. ముల్లే" అన్నాడు. అంత మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో దుర్గయ్యకు తెలుసు.

పొద్దు వాలకముందే కాలికి పసుపూ నూనె పెట్టి గుడ్డ కట్టి, ఈతచెట్ల దగ్గర మళ్లీ కుండ నెత్తికెత్తారు. దుర్గయ్య కుంటుతూ నడిచాడు. కుంటినా ఈసారి గీత మాత్రం వంగలేదు. తండ్రి నడిచిన దారిలోనే, రాయి నుంచి రాయికి, సూటిగా పోయాడు. తల తిప్పకూడదు గానీ, చెలిమ పక్క నుంచి పోతున్నప్పుడు అది ఎటువైపు పడుతోందో ఆయనకు తెలుస్తూనే ఉంది. అయిదడుగుల తేడాతో ఊరివైపు పడింది. ఆ అయిదడుగులూ ముల్లు కంటే ఎక్కువ నొప్పి పెట్టాయి. అయినా ఒట్టు ఒట్టే.

కొసరాయి దగ్గర కుండ దించగానే ఊరంతా కేకలు వేసింది. రామనర్సయ్య తన కండువా తీసి దుర్గయ్యకు తలపాగా చుట్టాడు. "సెబ్బాస్‌రా! ఇగ రేప్పొద్దుగాల గిర్దావరు ముంగట తూర్పు దిక్కు నడువు. ఎల్లుండి దక్షిణం. ఆవులెల్లుండి ఉత్తరం. నాలుగు దిక్కులు రాళ్లు పడితే మన ఊరికి ఇగ పరేషాన్ లేదు."

తండా జనం అప్పటికే వెనక్కి తిరిగారు. నీలా ఖాళీ బిందె చంకన పెట్టుకుని గీతకు అవతల నిలబడి ఉంది. దుర్గయ్య కొసరాయి మీద కూర్చున్నాడు.

"నడువ" అన్నాడు.

"ఏంది?"

"ఇంకో దిక్కు నడువ, పటేలా. సెలిమె మనదే. ఒట్టేసి నడిచిన, అండ్ల మాట లేదు. కని నా మాట నిజమని నిలబెట్టింది గా పిల్ల. తన నీళ్లు పోతయని ఎరుకుండి తీసింది. గా పిల్ల బిందె, తండా బిందెలన్ని ఎప్పటి లెక్కనే గీ సెలిమెల మునగాలె. అట్లయితేనే నేను లేస్త."

రామనర్సయ్య ముఖంలో రంగు మారింది. "హద్దు నడిచినోనివి నడిచినట్టుండు. నన్నే బెదిరిస్తున్నవారా?"

"నేనేడ బెదిరిస్తున్న?" దుర్గయ్య కట్టుకట్టిన కాలు ఎత్తి, అందరికీ కనపడేలా పటేలు ముందు చాపాడు. "కాలు నొస్తున్నది అంటున్న. నమ్మకుంటె ముల్లు ఎతుక్కోండ్రి."

మొదట ధర్మా నవ్వాడు. తరువాత ఊరు నవ్వింది. నవ్వకూడదని శాయశక్తులా ప్రయత్నించిన రామనర్సయ్య, మిగిలిన మూడు దిక్కులనూ, రేపు వచ్చే గిర్దావరునూ, రాయి మీద కదలకుండా కూర్చున్న ఆ మొండి మనిషినీ ఒకసారి తలుచుకున్నాడు. ఈ ఊళ్లో హద్దు ఎరిగిన కాలు ఇంకొకటి లేదు.

"ముంచుకొమ్మను" అన్నాడు. "గిర్దావరు ముంగట గూడ గదే జెప్త. రాయి మనది, నీళ్లు అందరియి. సాలా?"

"సాలు, పటేలా."

నీలా ముగ్గుగీత దాటి వచ్చి, చెలిమ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చిప్పతో ఒక్కొక్క చిప్పే తోడి బిందె నింపింది. బిందె నెత్తికెత్తుకుని ఆమె తండా దారి పట్టి ఎదురుగా వస్తుంటే, దుర్గయ్య ఉప్పలమ్మ భుజం పట్టుకుని లేచి, కుంటుతూ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.